సూర్యరశ్మితో నీరు తోడితే రైతుకు గిట్టుతుందా?

కిందటి వేసవి సెలవులకు ముందు ఒకనాడు, వెలుతురు తగిలినప్పుడు సిలికాన్ పలకలో విద్యుత్తు ఎట్లా పుడుతుందో పాఠం చెప్పి ముగించిన తరువాత, ఒక విద్యార్థి నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతనిది వ్యవసాయ కుటుంబం. ఊరిని ఆనుకొని ఉన్న చేలో బోరుకు కరెంటు మోటారు ఉన్నది. వాగు అవతల నాలుగెకరాల రెండో చేను ఉన్నది. అక్కడికి కరెంటు తీగ పోలేదు కనుక బావి మీద డీజిలు ఇంజను పెట్టి నీరు తోడుకొంటారు. సౌర పంపు పెట్టించుకోమని ఆ ఏడు వాళ్ల నాన్నగారికి ఎవరో సలహా చెప్పారట. "ఎండకు ఎవరూ బిల్లు వేయరు గదండీ! మరి మా నాన్న ఎందుకు వెనకాడుతున్నాడో నాకు తెలియటం లేదు. పెట్టించమని గట్టిగా చెప్పమంటారా?" అని అడిగాడు.

ఎలక్ట్రాను కదలికను గురించి గంటసేపు మాట్లాడిన నేను ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఇంటికి వెళ్లినప్పుడు రెండు సంగతులు తెలుసుకొని రా. బావిలో నీరు ఎంత లోతున ఉంటుంది? పోయిన ఏడాది మొత్తం మీద ఎన్ని లీటర్ల డీజిలు కొన్నారు? అప్పుడు లెక్క వేద్దాము" అన్నాను. ఆ లెక్కే ఈ వ్యాసానికి మూలం. ఇందులో భౌతికశాస్త్రం కొంత, అర్థశాస్త్రం కొంత ఉన్నాయి. గుణకార భాగహారాలు వచ్చిన ఏ విద్యార్థి అయినా దీనిని తన ఊరి బావికి అన్వయించి చూసుకోవచ్చును.

ఒక పాత ముచ్చట

సూర్యుని సాయంతో పొలాలకు నీరు ఎక్కించాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1913లో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ ఇంజనీరు ఈజిప్టు దేశంలో కైరో నగరానికి సమీపాన ఉన్న మాదీ అనే చోట ఒక విచిత్రమైన యంత్రశాలను నిర్మించాడు. అర్ధచంద్రాకారంగా వంచిన పొడుగాటి అద్దాల తొట్లు ఐదింటిని వరుసగా అమర్చాడు. ఒక్కొక్కదాని పొడవు సుమారు 60 మీటర్లు. అవి ఎండను ఒక గొట్టం మీదికి కేంద్రీకరించి అందులోని నీటిని ఆవిరిగా మార్చేవి. ఆ ఆవిరితో ఇంజను నడిచి నైలునది నీటిని పత్తి చేలకు ఎత్తిపోసేది.

ఈజిప్టుకు బొగ్గు ఓడల మీద రావలసిందే. అందుచేత అక్కడ బొగ్గు చాలా ఖరీదు. షూమన్ ఆ దేశాన్ని ఎన్నుకోవడానికి అదే ముఖ్య కారణం. కాని మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, యంత్రం మూలపడ్డది. 1918లో షూమన్ మరణించాడు. యుద్ధం ముగిసిన తరువాత పెట్రోలియం చౌకగా దొరకసాగింది గనుక ఆ పనిని మళ్లీ ఎవరూ తలకెత్తుకోలేదు.

ఇక్కడ గమనించవలసినదేమంటే, షూమన్ యంత్రం చక్కగా పనిచేసింది. దాని తలరాతను నిర్ణయించినది సూర్యుడు కాదు, పక్కవాడి ఇంధనం ధర. నేటి సౌర పంపు విషయంలో కూడా రైతు మొదట అడగవలసిన ప్రశ్న "ఎండ ఎంత?" అని కాదు, "ఇప్పుడు దేనితో తోడుతున్నాను, దానికి ఎంత ఖర్చవుతున్నది?" అని.

వేడితో పని లేకుండా వెలుతురును నేరుగా విద్యుత్తుగా మార్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు తయారుచేశారు. తన మీద పడిన కాంతిశక్తిలో నూటికి ఆరు పాళ్లను మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగేది. నేడు బజారులో దొరికే పలకలు నూటికి ఇరవైకి పైగా మారుస్తున్నాయి. 1977లో ఒక వాటు శక్తినిచ్చే ఘటం ఖరీదు 76 డాలర్లు ఉండగా, నేడు అర డాలరు కూడా లేదు. ఇంత ధర పడిపోయిన వస్తువులు మన జీవితంలో బహు కొద్ది. అందువల్లనే ఒకప్పుడు ఉపగ్రహాలకే పరిమితమైన పలక పొలం గట్టు మీదికి రాగలిగింది.

నీటిని ఎత్తడానికి ఎంత శక్తి కావాలి?

వెయ్యి లీటర్ల నీరు, అనగా ఒక ఘనమీటరు, వెయ్యి కిలోగ్రాములు తూగుతుంది. దానిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి 9,800 జౌళ్ల శక్తి కావాలి. కరెంటు బిల్లులో ఒక యూనిటు అంటే 36 లక్షల జౌళ్లు. భాగించి చూస్తే, ఏమీ వృథా కాని పక్షంలో, ఒక యూనిటు ఒక ఘనమీటరు నీటిని 367 మీటర్లు ఎత్తగలదని తేలుతుంది. ఒక్క యూనిటులో ఇంత పని దాగి ఉన్నదంటే విద్యార్థులు మొదట నమ్మరు.

కాని వృథా లేని యంత్రం ఎక్కడా లేదు. మోటారు తనకు ఇచ్చిన శక్తిలో నూటికి 80 పాళ్లు, పంపు దానిలో సగమూ పనిలోకి మార్చాయనుకొంటే చివరకు నూటికి 40 పాళ్లే నీటికి అందుతాయి. అప్పుడు 367కు బదులు 147 మిగులుతుంది. ఈ 147 అనే సంఖ్యను గుర్తుంచుకోండి. నీటిని ఎన్ని మీటర్లు ఎత్తాలో దానితో 147ను భాగిస్తే, ఒక యూనిటుకు ఎన్ని ఘనమీటర్లు వస్తాయో తెలుస్తుంది. గొట్టాల రాపిడి వలన కలిగే నష్టాన్ని కూడా ఎత్తులోనే కలుపుకోవాలి.

ఒక ఎకరానికి ఒక తడి పెట్టాలంటే, అయిదు సెంటీమీటర్ల లోతు నీరు పారించామనుకొంటే, సుమారు 200 ఘనమీటర్లు కావాలి. పది మీటర్లు ఎత్తితే చాలుననుకొన్న బావిలో దీనికి 14 యూనిట్లు పడతాయి. 30 మీటర్ల నుంచి తోడితే 41 యూనిట్లు. 100 మీటర్ల లోతున్న బోరు నుంచి అయితే 136 యూనిట్లు. నీరు అదే, పంట అదే, చేను అదే. నీటిమట్టం కిందికి పోయినకొద్దీ కరెంటు ఖర్చు అదే నిష్పత్తిలో పెరిగిపోతుంది.

ఇక డీజిలు సంగతి చూద్దాము. ఒక లీటరు డీజిలును మండిస్తే సుమారు 10 యూనిట్లకు సమానమైన వేడి పుడుతుంది. చిన్న ఇంజన్లు అందులో పావు వంతును మాత్రమే చక్రం తిప్పడానికి వినియోగించగలవు. తక్కినదంతా పొగ గొట్టం ద్వారా, ఇంజను ఒంటి వేడి ద్వారా పోతుంది. ఆ రెండున్నర యూనిట్లలో పంపు సగం తినేయగా మిగిలేది ఒకటింబావు. విద్యుత్తు యూనిటు ఒకటికి నీటికి అందేది 0.4 గనుక, ఒక లీటరు డీజిలు సుమారు 3.1 యూనిట్ల విద్యుత్తుతో సమానం. లీటరు 90 రూపాయలనుకొంటే, డీజిలుతో తోడే రైతు యూనిటు ఒకటికి 29 రూపాయల ధర చెల్లిస్తున్నట్లు లెక్క! పట్నంలో ఇంట్లో ఫంకా తిప్పుకొనేవాడు ఆ ధర విన్నాడంటే వెంటనే లేచి స్విచ్చి ఆపేస్తాడు.

ఎండ ఉచితమే గాని పలక ఉచితం కాదు

డీజిలు ఇంజను కొనుగోలు తక్కువ, నడుపుడు ఎక్కువ. సౌర పంపు దీనికి పూర్తిగా తలక్రిందు. దానిలో ఖర్చు దాదాపు అంతా మొదటి రోజునే పెట్టవలసి ఉంటుంది. తరువాత ఇరవై, ఇరవైఐదు సంవత్సరాలు పలకల మీది దుమ్ము తుడవడం తప్ప ఇంధనం ఖర్చు ఉండదు. కనుక సౌర పంపు కొనడమంటే ఇరవై ఏళ్లకు సరిపడే డీజిలును ఒకేసారి కొని ఇంట్లో పెట్టుకోవడం వంటిది.

ఉదాహరణకు, 5 హెచ్.పి. సౌర పంపును పలకలతో సహా మూడు లక్షల రూపాయలకు కొన్నామనుకొందాము. నూటికి ఎనిమిది రూపాయల వడ్డీతో ఈ మొత్తాన్ని ఇరవై ఏళ్లకు పంచితే ఏటా సుమారు 30,500 రూపాయలు అవుతుంది. నీరు తోడినా తోడకపోయినా ఈ ఖర్చు తప్పదు. దీనికి సుమారు 5 కిలోవాట్ల పలకలు కావాలి. మన దేశంలో ఒక కిలోవాటు పలక ఏడాదికి సుమారు 1,500 యూనిట్లు ఇస్తుంది గనుక, అయిదు కిలోవాట్లు 7,500 యూనిట్లు ఇస్తాయి. అన్నింటినీ వాడుకొంటే యూనిటు నాలుగు రూపాయలు పడుతుంది. బహు చౌక!

కాని ఏ రైతు ఏడాది పొడుగునా రోజంతా నీరు తోడుతాడు? వర్షాకాలంలో అవసరం ఉండదు. కోత కోసిన తరువాత అవసరం ఉండదు. ఏడాదికి వంద రోజులు, 2,000 యూనిట్లు మాత్రమే వాడుకొన్నాడంటే, యూనిటు ధర 15 రూపాయలకు ఎక్కుతుంది. 650 యూనిట్లే వాడుకొన్నాడంటే 47 రూపాయలు! అప్పుడు 29 రూపాయల డీజిలే నయం. ఈ లెక్క ప్రకారం 1,050 యూనిట్ల దగ్గర రెండూ సమానమవుతాయి. ఆ పైన వాడకం ఉన్న రైతుకు సౌర పంపు లాభం, ఆ లోపల ఉన్నవాడికి నష్టం.

సౌర పంపును గురించి వచ్చే ప్రకటనలలో ఎండ ఎంత పుష్కలమో చెబుతారు గాని, పలకలు ఏడాదిలో ఎన్ని రోజులు ఖాళీగా ఎండలో పడి ఉంటాయో చెప్పరు. నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికి కీలకం ఆ ఖాళీ రోజులే. వాటిని పనిలో పెట్టడానికి అనేక మార్గాలు వెదుకుతున్నారు. పంపు ఆగి ఉన్నప్పుడు అదే విద్యుత్తుతో పిండిమరను గాని, గడ్డి నరికే యంత్రాన్ని గాని నడిపే కంట్రోలర్లు వచ్చాయి. పక్క చేలకు నీరు అమ్మడం మరొక మార్గం. మిగిలిన విద్యుత్తును తీగల ద్వారా కరెంటు సంస్థకు అమ్మడం ఇంకొకటి. దానిని గురించి కాస్త ఆగి చెబుతాను.

ప్రభుత్వ సహాయం ఈ లెక్కను చాలా మారుస్తుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకంలో, 7.5 హెచ్.పి. వరకు ఉన్న విడి సౌర పంపులకు కేంద్రం నూటికి 30, రాష్ట్రం 30 భరించేటట్లు, తక్కిన 40లో 30 వరకు బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చునన్నట్లు ఏర్పాటు చేశారు. అనగా రైతు చేతి నుంచి పది పాళ్లు చాలును. మూడు లక్షల పంపుకు రైతు వాటా లక్షా ఇరవై వేలు. ఇరవై ఏళ్లకు పంచితే ఏటా 12,200 రూపాయలు మాత్రమే. డీజిలుతో సమానమయ్యే వాడకం 1,050 యూనిట్ల నుంచి 420కి దిగుతుంది.

ఉచిత విద్యుత్తు ఉన్నచోట

మన తెలుగు రాష్ట్రాలలో చాలామంది రైతుల పరిస్థితి డీజిలు రైతు వంటిది కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రవేశపెట్టారు. తెలంగాణాలో 2018 జనవరి 1 నుంచి దానిని ఇరవైనాలుగు గంటలకు పెంచారు. కరెంటు ఉచితంగా వస్తున్న బోరు దగ్గర సౌర పంపు పెడితే రైతుకు ఆదా అయ్యేది ఎంత? సున్నా. అతడు పది పైసలు ఖర్చు పెట్టినా నష్టమే. మా విద్యార్థి ఊరి పక్క చేని లెక్క ఒక్క నిమిషంలో తేలిపోయింది.

కాని ఎవరికీ లాభం లేదనడం కూడా పొరపాటు. 5 హెచ్.పి. మోటారు రోజుకు ఏడు గంటల చొప్పున ఏడాదికి 150 రోజులు తిరిగిందనుకొంటే సుమారు 4,800 యూనిట్లు ఖర్చవుతాయి. ఒక్కొక్క యూనిటును పొలానికి చేర్చడానికి ఆరు రూపాయలు ఖర్చవుతుందనుకొంటే, ఆ ఒక్క మోటారు కోసం ప్రభుత్వం ఏటా 29,000 రూపాయలు భరిస్తున్నదన్నమాట. సౌర పంపు ఖరీదును సంవత్సరాలకు పంచితే వచ్చిన 30,500కు ఇది ఇంచుమించు సమానం! పొలంలో పలకలు పెడితే లాభపడేది ఖజానా, డబ్బు పెట్టవలసినది రైతు. లాభం ఒకరిది, పెట్టుబడి మరొకరిది అయినప్పుడు ఆ పని ఎంత మంచిదైనా సాగదు. ఖజానాకు మిగిలేదానిలో రైతుకు వాటా ఇస్తేనే అతడు ముందుకు వస్తాడు.

డబ్బు లెక్కలోకి రాని ఒక లాభాన్ని మాత్రం చెప్పకుండా ఉండలేను. రాత్రిపూట కరెంటు ఇచ్చే కాలంలో మోటారు వేయడానికి చీకట్లో చేలకు పోయి పాము కాటుకో, తెగిన తీగకో బలి అయిన రైతుల సంగతి పల్లెలలో పెరిగిన వారందరికీ తెలుసును. సూర్యుడు పగలే పనిచేస్తాడు. ఈ ఒక్క సుగుణం కోసమే డబ్బు పెట్టడానికి సిద్ధపడే రైతులు ఉన్నారు. వారిది తెలివితక్కువ లెక్క అని నేను అనను.

నీటికి ధర లేకపోతే

ఇంతవరకు రైతు జేబు సంగతి చూశాము. బావి సంగతి ఏమిటి? డీజిలు రైతు ప్రతి గంటకూ ఖర్చు లెక్క చూసుకొంటాడు గనుక చేను తడవగానే ఇంజను ఆపుతాడు. పలకలు బిగించిన మరుక్షణం నుంచి ఆ భయం పోతుంది. ఇంకొక గంట తోడితే అదనంగా అయ్యే ఖర్చు సున్నా. ఉచిత విద్యుత్తులో ఈ విషయం మనము చూసే ఉన్నాము. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేటట్లు రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకొన్నారు. ఇరవైనాలుగు గంటల సరఫరా వచ్చినప్పుడు వాటిని తీసివేయమని తెలంగాణాలో ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది.

2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 241 శతకోటి ఘనమీటర్ల భూగర్భజలాన్ని తోడుతున్నారు. అందులో నూటికి 87 పాళ్లు సేద్యానికే పోతున్నది. గంగా మైదానంలో వలె నీరు పైపైనే ఉండి, ఏటా మళ్లీ నిండే ఒండ్రు నేలలలో ఇది అంత బెంగ పెట్టుకోవలసిన విషయం కాదు. అక్కడ డీజిలుతో తోడుకొనే చిన్న రైతుకు సౌర పంపు వరమే. కాని అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాలలో నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు రాతి పగుళ్లలోనే నిలుస్తుంది. అక్కడ ఒక బోరు పక్కనే మరొక బోరు వేసి పోటీపడి తోడుకొన్న సంగతీ, వందల అడుగులు దింపినా చుక్క పడని సంగతీ వేరే చెప్పనక్కరలేదు. పలకలు ఇరవై ఏళ్లు బతుకుతాయి. బోరు ఐదేళ్లకే ఎండిపోతే ఆ పలకలకు పని ఏమిటి? అప్పు మాత్రం మిగులుతుంది.

ధుండీలో చేసిన ప్రయోగం

ఈ చిక్కుకు ఒక మార్గం గుజరాత్ రాష్ట్రం ఖేడా జిల్లాలోని ధుండీ అనే చిన్న గ్రామంలో కనిపించింది. అక్కడి రైతులు అదివరకు డీజిలుతో తోడుకొనేవారు. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ, టాటా ట్రస్టుల పరిశోధన కార్యక్రమం తోడ్పాటుతో 2015-16లో ఆరుగురు రైతులు ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. ఆరుగురి పలకలు కలిపి 56.4 కిలోవాట్లు. పొలం తడుపుకోగా మిగిలిన విద్యుత్తును సంఘం ద్వారా ఒకే మీటరు మీదుగా మధ్య గుజరాత్ విద్యుత్ సంస్థకు యూనిటు 4.63 రూపాయల చొప్పున ఇరవైఐదేళ్లు అమ్ముకోవడానికి ఒప్పందం జరిగింది. దానికి మారుగా ఆ రైతులు చౌక కరెంటు కనెక్షన్ అడిగే హక్కును అంతకాలమూ వదులుకొన్నారు. దీనిపైన యూనిటుకు 1.25 రూపాయలు సూర్యశక్తి బోనసుగాను, మరొక 1.25 నీటి పొదుపు బోనసుగాను ప్రయోగ కార్యక్రమమే కొంతకాలం ఇచ్చింది.

ఇందులోని కిటుకు ఎక్కడున్నదో చూడండి. అమ్ముకొనే వీలు వచ్చిన క్షణం నుంచి ఎండ "ఉచితం" కాకుండా పోయింది. నీరు తోడడానికి వాడిన ప్రతి యూనిటూ అమ్ముకొనకుండా వదులుకొన్న 4.63 రూపాయలే. ఇందాక వేసిన లెక్కను దీనితో కలిపితే, పది మీటర్ల బావి నుంచి ఎకరానికి ఒక తడి పెడితే రైతు వదులుకొనేది 65 రూపాయలు. 30 మీటర్ల నుంచి అయితే 190. 100 మీటర్ల బోరు నుంచి అయితే 630 రూపాయలు. నీరు ఎక్కడ కరువో అక్కడ నీటి ధర దానంతట అదే పెరుగుతున్నది! ఏ చట్టమూ చేయకుండా, ఏ అధికారీ బోరు దగ్గరకు వచ్చి కాపలా కాయకుండా జరిగే పని ఇది. వాన రాని ఏడు కూడా ఎండ కాస్తుంది గనుక, మెట్ట ప్రాంతపు రైతుకు ఇది కరువు దెబ్బ తగలని ఆదాయం.

ఇంత మెచ్చుకొన్న తరువాత దీని లోపం కూడా చెప్పాలి. పది మీటర్ల బావి ఉన్న రైతు 14 యూనిట్లు కరెంటు సంస్థకు అమ్మితే 65 రూపాయలు వస్తాయి. అదే 14 యూనిట్లతో నీరు తోడి పక్క చేనికి అమ్మితే? ఆ పొరుగు రైతు డీజిలు వాడితే అతడికి నాలుగున్నర లీటర్లు, సుమారు 400 రూపాయలు ఖర్చవుతుంది. కనుక అతడు 200 రూపాయలకైనా సంతోషంగా కొంటాడు. ధుండీలో సభ్యులు ఇరుగుపొరుగులకు నీరు అమ్మిన మాట నిజమే. పేద పొరుగువానికి నీరు చౌకగా దొరకడం మంచిదే గాని, భూగర్భజలం మిగులుతుందన్న ఆశ అక్కడ కొంత సన్నగిల్లుతుంది. చుట్టూ డీజిలు ఇంజన్లు ఉన్నంతకాలం నాలుగు, ఐదు రూపాయల ధర నీటిని నేలలో నిలపగలదని గట్టిగా చెప్పలేము.

2018లో గుజరాత్ ప్రభుత్వం సూర్యశక్తి కిసాన్ యోజన పేరుతో ఈ పద్ధతిని కరెంటు కనెక్షన్ ఉన్న రైతులకు విస్తరింపజేసింది. మొదటి ఏడేళ్లు యూనిటుకు ఏడు రూపాయలు, తరువాత పద్దెనిమిదేళ్లు మూడున్నర రూపాయలు అని ధర నిర్ణయించారు. అప్పు తీరేవరకు ఎక్కువ, తరువాత తక్కువ అన్నది దానిలోని ఆలోచన. కాని ప్రతి పొలానికీ రెండు వైపులా లెక్క చూపే మీటరు బిగించడం, పల్లె తీగలలో ఎదురు ప్రవాహానికి తగిన ఏర్పాట్లు చేయడం ఖర్చుతో కూడిన పనులు. అందుచేత సబ్‌స్టేషన్ దగ్గర ఒకటి, రెండు మెగావాట్ల సౌర కేంద్రం పెట్టి, ఆ లైను మీది మోటార్లన్నింటికీ పగటిపూట విద్యుత్తు ఇచ్చే పద్ధతి వైపు మొగ్గు పెరిగింది. మహారాష్ట్ర దీనిని 2017లో చేపట్టింది. కుసుమ్ పథకంలో కూడా 2020లో చేర్చారు. ఖజానాకు ఇది చౌక, రైతుకు పైసా ఖర్చు లేదు. కాని రైతు మోటారు ఆపినందువల్ల అతనికి పైసా లాభమూ లేదు. విద్యుత్తు సమస్య తీరుతుంది గాని నీటి సమస్య ఉన్నచోటనే ఉంటుంది. రాతి నేలల జిల్లాలలో ఈ తేడాను మరచిపోవడం మంచిది కాదు.

తిరిగి వాగు అవతలి చేనికి

మా విద్యార్థి సెలవుల తరువాత లెక్కలు తెచ్చాడు. వాగు పక్క బావి గనుక మొత్తం ఎత్తు పది మీటర్లకు మించదు. వాళ్లు దాచి ఉంచిన బంకు రసీదుల ప్రకారం ఏడాదికి 210 లీటర్ల డీజిలు. లీటరు 90 చొప్పున 18,900 రూపాయలు. నలభై ఎనిమిది ఎకర తడులకు, అనగా నాలుగు ఎకరాలకు పన్నెండేసి తడులకు అది సరిగా సరిపోయింది. నా 147 అంత తప్పు కాదని నాకూ ధైర్యం వచ్చింది. 210 లీటర్లంటే సుమారు 650 యూనిట్లు. సహాయం లేకుండా కొంటే నష్టమని, సహాయంతో కొంటే లాభమని ముందే చూశాము.

కాని తండ్రి వెనకాడడానికి అసలు కారణం అప్పుడు బయటపడింది. 5 హెచ్.పి. పంపుకు తొంభై వేలు బ్యాంకు అప్పు. బ్యాంకు ఇరవై ఏళ్లు ఆగదు. ఐదేళ్లలో తీర్చవలసి ఉంటే, ఎనిమిది రూపాయల వడ్డీతో ఏటా 22,500 కట్టాలి. డీజిలు మీద మిగిలేది 18,900. మొదటి ఐదేళ్లూ ఏటా 3,600 రూపాయలు చేతి నుంచి పడతాయి. చేతినుంచి మొదట పెట్టే ముప్పై వేలు వేరే. ఆరో ఏడు నుంచి అంతా లాభమేనన్న మాట నిజం. కాని ఆ ఐదేళ్లలో ఒక పంట పోతే వాయిదా ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయన లెక్క రాసుకోలేదు గాని మనసులో సరిగానే వేసుకొన్నాడు.

"అయిదు హెచ్.పి. అని ఎవరు చెప్పారు?" అని అడిగాను. ఊళ్లో అందరి మోటార్లూ అయిదువే గనుక అదే అనుకొన్నారట. ఇద్దరమూ నల్లబల్ల మీద మళ్లీ లెక్క వేశాము. 3 హెచ్.పి. పంపుకు 3 కిలోవాట్ల పలకలు, రోజుకు సుమారు 12 యూనిట్లు, పది మీటర్ల ఎత్తుకు 176 ఘనమీటర్లు. అంటే రోజుకు ఇంచుమించు ఒక ఎకరం తడుస్తుంది, ఐదు రోజులలో చేనంతా తడుస్తుంది. ఖరీదు రెండు లక్షలనుకొంటే చేతి నుంచి ఇరవై వేలు, అప్పు అరవై వేలు, ఏటా వాయిదా 15,000. ఇది డీజిలు ఖర్చు కంటె తక్కువ. మొదటి ఏడు నుంచే మూడు, నాలుగు వేలు మిగులుతాయి. ఇంజనుకూ పంపుకూ మరమ్మత్తులు ఉంటాయి గనుక వాటిని రెండు వైపులా వదిలేశాము.

ఆ కాగితం పట్టుకొని అతడు ఊరికి వెళ్లాడు. తండ్రి అంతా చదివించుకొని విని, కంట్రోలర్ పెట్టె చెడిపోతే బాగుచేసేవాడు మండలంలో ఉన్నాడా అని అడిగాడట. లేడు, జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఐదేళ్ల వరకు మరమ్మత్తు బాధ్యత అమ్మినవారిదేనని కాగితం మీద రాయించుకొని, పాత డీజిలు ఇంజనును అమ్మకుండా కొట్టంలో ఉంచి, మూడు హెచ్.పి. పంపుకే దరఖాస్తు పెట్టారు.